చలానా వచ్చిందా? తొందరపడి కట్టకండి!

ఫోన్ టింగుమంది. మీ బండి మీద ఈ-చలానా పడిందని మెసేజ్. మొన్న శంకర్‌పల్లి రోడ్డులో మోకిల దగ్గర ముందున్న టిప్పర్ ఎంతకీ కదలడం లేదని నిండు గీత దాటి, ఎదురు వరుసలోకి దూరి, మళ్లీ మన వరుసలోకి వచ్చారు చూడండి, దాని ఫలితం. తేదీ, టైము, చోటు అన్నీ రాసి ఫొటో కూడా పెట్టారు. గీతకు అటు మీరు, ఇటు మీ వరుస.

ఇప్పుడు మీ బొటనవేలు యూపీఐ వైపు పోతోంది. దయచేసి ఆపండి. ఐదు నిమిషాల్లో చలానా కట్టేసినవాళ్లను మా కాలనీలో చాలామందిని చూశాను. రాత్రి హాయిగా నిద్రపోతారు, పొద్దున లేచి ఆఫీసుకు పోతారు. వాళ్ల జీవితంలో చెప్పుకోవడానికి ఒక్క కథ ఉండదు. వాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలంలో మోకిల ప్లాట్లు గజం లక్ష దాటాయి. గజం ధర లక్ష దాటితే పండగ చేసుకున్న ఊళ్లో, మనిషి గీత దాటితే తలదించుకోవాలా?

శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ రోడ్లమీద నా కళ్లతో చూసినవీ, మా బామ్మర్ది చేత స్వయంగా చేయించినవీ కలిపి పదకొండు చిట్కాలు ఇస్తున్నాను. పక్కనే చిలుకూరు బాలాజీ ఉన్నాడు కాబట్టి పదకొండు. ఒక్కటి కూడా వదలకండి.

1. మెసేజ్ తెరవకండి.

చదివితే తెలిసిపోతుంది. తెలిస్తే కట్టాలనిపిస్తుంది. అన్ని అనర్థాలకూ మూలం ఇదే. వచ్చిన వెంటనే వేలితో పక్కకు నెట్టేయండి. బండి నంబరు కొట్టి పెండింగ్ చలానాలు చూసుకునే వెబ్‌సైట్ ఒకటి పోలీసులు నడుపుతున్నారు. దాని జోలికి అసలు పోకండి.

ఇంతకన్నా మంచి ఏర్పాటు ఇంకోటి ఉంది. ఆర్సీలో ఫోన్ నంబరు మార్పించకండి. బండి కొన్న రోజున ఇచ్చిన నంబరు పోయి ఉంటే, అదే ఉండనివ్వండి. అడ్రసు కూడా పాత అద్దె ఇంటిదే ఉంచండి. మా బామ్మర్ది బండి 2016లో కొన్నాడు. అప్పటి సిమ్ము ఇప్పుడు ఎవరి దగ్గరుందో దేవుడికే తెలియాలి. ఆ అజ్ఞాత వ్యక్తికి ఏళ్ల తరబడి మావాడి చలానాలు వెళ్లాయి. మావాడికి చీకూ చింతా లేదు. ఒకరోజు నార్సింగి దగ్గర తనిఖీలో ట్యాబ్‌లో నంబరు కొట్టి చూసి కానిస్టేబుల్ గారే చెప్పారు: "పందొమ్మిది ఉన్నయ్ అన్నా." గీతలూ రాంగ్ రూట్లూ కలిపి పదమూడు, ఒక్కోటి 1,035. హెల్మెట్‌వి ఆరు, ఒక్కోటి 135. మొత్తం 14,265 రూపాయలు. పందొమ్మిది సార్లు విడివిడిగా పడాల్సిన బాధ ఒక్కసారిగా, రోడ్డు పక్కన, పదిమంది ముందు తీరిపోయింది.

ఆ 35 ఏమిటని అడుగుతారేమో. అసలు జరిమానా వెయ్యో వందో. పైన 35 యూజర్ ఛార్జీ. కట్టనివాడికి అది కూడా మిగులే.

2. రాయితీ కోసం ఎదురుచూడండి.

ఇది నా ప్రాణం లాంటి చిట్కా, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

2022 మార్చి 1 నుంచి తెలంగాణ పోలీసులు పెండింగ్ చలానాల మీద రాయితీ ఇచ్చారు. టూవీలర్లకు 75 శాతం, కార్లకు 50 శాతం, ఆర్టీసీ బస్సులకు 70 శాతం మాఫీ. మాస్కు పెట్టుకోనందుకు పడిన వెయ్యికి వంద కడితే చాలన్నారు. మార్చి నెలాఖరుకు అయిపోవాల్సిన గడువును ఏప్రిల్ 15 దాకా పొడిగించారు. మళ్లీ 2023 డిసెంబర్ 26న రెండో రాయితీ. ఈసారి టూవీలర్లకు, ఆటోలకు 80 శాతం, కార్లకు 60 శాతం, ఆర్టీసీ బస్సులకు, తోపుడు బండ్లకు 90 శాతం. జనవరి 10 గడువు అన్నారు, 31 దాకా పెంచారు, ఆ పైన ఫిబ్రవరి 15 దాకా పెంచారు.

ఈ రెండుసార్లూ మన ఊళ్లో సగం మంది ఎగబడి కట్టేశారు. వాళ్లు లెక్క చూడలేదు. నేను కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను.

టూవీలర్‌కు మొదట 75, తర్వాత 80. అంటే మెట్టుకు ఐదు. మూడోసారి 85, నాలుగోసారి 90, ఐదోసారి 95, ఆరోసారి నూటికి నూరు. కారుకు మొదట 50, తర్వాత 60. మెట్టుకు పది. అదీ సరిగ్గా ఆరోసారికే నూరు! ఈ లెక్క తేలిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొదటి రాయితీకీ రెండోదానికీ మధ్య దాదాపు 22 నెలలు. అదే వరసన పోతే ఆరోది 2031 ఏప్రిల్‌లో వస్తుంది. అందుకే రాయితీ వచ్చినప్పుడు కూడా కట్టకండి. వచ్చేది ఇంకా పెద్దది. నేను చెప్పానని మా బామ్మర్ది 2024 ఫిబ్రవరి 15న రాత్రి పన్నెండు దాకా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని, కట్టకుండా ధైర్యంగా గడువు దాటించాడు. మావాడి బండి 2016ది. సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది. అంటే 2031. చలానాలు, బండి ఒకే ఏడాది విముక్తి పొందుతాయి.

ఇంకో సంగతి. రాయితీ శాతాల్లో ఇస్తారు. వంద రూపాయల చలానా ఉన్నవాడికి 80 శాతం అంటే మిగిలేది 80 రూపాయలు. మావాడి అసలు జరిమానా 13,600. అందులో 80 శాతం అంటే 10,880 రూపాయల లాభం. ఎక్కువ మిగలాలంటే ముందు ఎక్కువ పడాలి. కాబట్టి వారానికి రెండుసార్లయినా గీత దాటండి. వీలైతే కెమెరా వైపు చూస్తూ దాటండి. మొహం బాగా పడితే తర్వాత తగాదా ఉండదు.

3. గీతల సంగతి నేర్చుకోకండి.

రోడ్డు మీద గీతలకు అర్థాలున్నాయి. ముక్కలు ముక్కలుగా ఉన్న గీత అయితే ఎదురుగా ఎవరూ రావడం లేదని చూసుకుని దాటొచ్చు. నిండు గీత దాటకూడదు. 2017లో కేంద్రం తెచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లో ఇవన్నీ ఉన్నాయి. నేను చదివాను. మీరు చదవకండి. ఆపినప్పుడు "తెలియదు సార్" అనాలి కదా. ఆ మాటలో నిజాయితీ ఉట్టిపడాలంటే నిజంగానే తెలియకూడదు.

అంతగా వాదన వస్తే పెయింటు మీదికి మళ్లించండి. గీత చెరిగిపోయిందనండి. దుమ్ము కప్పేసిందనండి. మన దారుల్లో టిప్పర్లు తిరిగి తిరిగి చాలాచోట్ల గీత నిజంగానే కనబడదు. యూటర్న్ చూస్తే ఎక్కడో దూరాన ఉంటుంది. అవతలి పక్క పాల ప్యాకెట్ కోసం అంత దూరం పోయి రమ్మంటే ఎవరి ప్రాణమైనా ఉసూరుమంటుంది. ఈ బాధ మీద నేను చాలాసార్లు మాట్లాడాను. అర్జీ మాత్రం పెట్టలేదు. అర్జీ పెడితే వాళ్లు వచ్చి గీత కొత్తగా వేసి పోతారు. అప్పుడు మన వాదన ఏం కావాలి?

కారున్నవాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు గురించి ఒక మాట. 158 కిలోమీటర్ల రింగులో ఒక్కో వైపు నాలుగు లేన్లు. కుడివైపు రెండింట్లో గంటకు 120 దాకా పోవచ్చు, ఎడమవైపు రెండింట్లో 80 దాటకూడదు, 40కి తగ్గకూడదు. ఇన్ని అంకెలు గుర్తుపెట్టుకునే తీరిక ఎవరికుంది? రెండో లేన్‌కూ మూడో లేన్‌కూ మధ్యనున్న గీతను రెండు చక్రాల మధ్య పెట్టుకుని సాగిపోండి. అప్పుడు మీరు ఏ లేన్‌కూ చెందరు. ఏ నియమమూ మీదికి రాదు. వెనక వాళ్లు హారన్ కొడతారు. దారి వదలమని కాదు, మీ ధైర్యం చూసి కొడుతున్నారు.

4. బండి ఆపగానే ఫోన్ చేయండి.

ఇంజిన్ ఆపకముందే ఫోన్ చెవికి ఆనాలి. ఎవరికి చేస్తున్నారన్నది ముఖ్యం కాదు. గొంతు ముఖ్యం. "అన్నా, మోకిల దగ్గర మనోళ్లే ఆపిండ్రు, జర మాట్లాడు" అనండి. అవతల ఉన్నది బావమరిదైనా, కేబుల్ అబ్బాయైనా "అన్నా" అనే అనండి. ఆ తర్వాత ఫోన్ కానిస్టేబుల్ చేతికి ఇవ్వబోండి. ఆయన తీసుకోరు. అందుకే ఎవరికి చేసినా ఫరవాలేదన్నాను.

మొయినాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లు బోలెడు. ఏదో ఒక ఫామ్‌హౌస్ యజమాని పేరు ముందే బట్టీపట్టి ఉంచుకోండి. ఆయన మిమ్మల్ని ఎరగకపోయినా చింత లేదు. ఆయన గేటు మీకు తెలుసు కదా, ఆమాత్రం పరిచయం చాలు.

ఫొటో అప్పటికే సర్వర్‌లోకి పోయింది, కానిస్టేబుల్ గారి చేతిలో ఉన్నది ట్యాబ్ మాత్రమే, పడిన చలానాను చెరపడం ఆయన చేతుల్లో లేదని కొందరు అంటారు. అయినా వదలకండి. కనీసం నలభై నిమిషాలు పట్టుబట్టండి. మా బామ్మర్ది గంటన్నర పట్టాడు. మొదటి ఇరవై నిమిషాల్లో వాళ్లు గీత గురించి మాత్రమే మాట్లాడారు. ఆ తర్వాత తీరిక దొరికి ఇన్సూరెన్స్ అడిగారు. అది పోయిన ఏడాదే అయిపోయింది. పొల్యూషన్ సర్టిఫికెట్ అడిగారు. అది అసలే లేదు. హెల్మెట్ అడిగితే పెట్రోలు ట్యాంకు మీద ఉంది. ఒక్క గీత కోసం ఆగిన మనిషి నాలుగు చలానాలతో బయలుదేరాడు. రెండో చిట్కా గుర్తుంది కదా? రాయితీ లాభం ఇంకా పెరిగింది.

5. సాకులు ముందే సిద్ధం చేసుకోండి.

చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. పోలీసు చెయ్యెత్తాక సాకు వెతుక్కుంటారు. తడబడతారు. పెళ్లి కానివాడు భార్యకు పురిటినొప్పులంటాడు. సాకు అంటే ఆవకాయ. ముందే పెట్టుకుని ఊరనివ్వాలి.

బండి డిక్కీలో ఒక పాత ప్రిస్క్రిప్షన్ పడేసి ఉంచండి. పేరు చిరిగిపోయినదైతే శ్రేష్ఠం. కారైతే అద్దం దగ్గర ఎక్స్‌రే కవరు పెట్టండి. అందులో ఎక్స్‌రే ఉండనక్కర్లేదు, ఇంటి కరెంటు బిల్లులు దాచుకోండి. స్థానికంగా బాగా పనిచేసేది వీసా సాకు: "చిలుకూరుకు మొక్కుకున్న సార్, రాత్రికి శంషాబాద్‌ల ఫ్లైటు." మీరు శంకర్‌పల్లి వైపు పోతున్నా ఇదే చెప్పండి. దిక్కులు ఎవరూ పట్టించుకోరు.

చావు సాకు మాత్రం పొదుపుగా వాడండి. ఒక నాయనమ్మ ఒక్కసారే పోవాలి. మావాడు ఈ లెక్క పెట్టుకోలేదు. ఒకే చౌరస్తాలో ఒకే సారు దగ్గర నాయనమ్మను మూడుసార్లు పంపించాడు. మూడోసారి ఆ సారు చాలా మర్యాదగా "ఈసారి దశదినకర్మ ఎప్పుడు?" అని అడిగి మరీ చలానా రాశారట. ఆవిడ మా ఇంట్లోనే ఉంది, నిక్షేపంగా. ఈ సంగతి తెలిసిన రోజు మనవడికి అన్నం పెట్టనంది. అందుకని ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ఎవరు, ఏ రోగం, ఏ చౌరస్తా, ఏ తేదీ అన్నీ రాసుకోండి. చలానా కట్టడానికి రెండు నిమిషాలు పడితే, ఈ పుస్తకానికి వారానికి రెండు గంటలు పడుతుంది. కానీ ఆ రెండు గంటలు మనవి.

6. నంబర్ ప్లేటుకు విశ్రాంతి ఇవ్వండి.

చివరి అంకె మీద నిమ్మకాయ, మిరపకాయల దండ వేలాడదీస్తారు కొందరు. బురద అంటిస్తారు. పాత మాస్కు తగిలిస్తారు. వెనక ప్లేటు పైకి వంచేస్తారు. మా బామ్మర్ది మూడును నల్ల టేపుతో ఎనిమిదిగా దిద్దాడు. ఇప్పుడు చలానాలు శంకర్‌పల్లి దగ్గరి ఇంకెవరికో పోవడం మొదలయ్యాయి. ఆయన మెసేజ్‌లు తెరిచే మనిషి. తన బండి ఇంట్లో ఉండగా ఫొటోలో ఎవరిదో వీపు కనబడిందని నేరుగా స్టేషన్‌కు పోయాడు.

ఇక్కడే మావాడి హోదా మారింది. అంతకుముందు ఉన్నవి చలానాలు. నంబరు దిద్దితే అది మోసం కింద కేసు. ఇదివరకు ఐపీసీ 420 అనేవారు, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318. ఎఫ్‌ఐఆర్‌లో తండ్రి పేరు, ఊరి పేరు, వృత్తి అన్నీ రాశారు. పెళ్లి శుభలేఖలో కూడా ఇంత వివరంగా పడలేదు. బండిని స్టేషన్ ఆవరణలో పెట్టుకున్నారు. ఇంటి దగ్గర ఎండకు ఎండి వానకు తడిసేది, ఇప్పుడు ఒక వేపచెట్టు కింద ఉంది. నేను వెళ్లి చూసి వచ్చాను. సీటు మీద పిల్లి పిల్లలు పెట్టింది.

7. అమ్మేసిన బండి పేరు మార్చకండి.

చట్ట ప్రకారం అమ్మినవాడు రాష్ట్రంలోపలైతే 14 రోజుల్లో ఆర్టీయే ఆఫీసుకు చెప్పాలి, కొన్నవాడు 30 రోజుల్లో తన పేరుకు మార్పించుకోవాలి. ఫారం 29, ఫారం 30 అంటూ సంతకాలు. ఎవరు తిరుగుతారు? తాళాలు ఇచ్చి, డబ్బు లెక్కపెట్టుకుని మరిచిపోండి. కొన్నవాడు గీత దాటిన ప్రతిసారీ మీ పేరు పలుకుతుంది. వాడు ఎవరినైనా గుద్దిన రోజు పోలీసులు వెతుక్కుంటూ మీ ఇంటికే వస్తారు. బండి పోయినా బంధం పోదు.

8. సగం ధర లింకు వస్తే వెంటనే నొక్కండి.

వాట్సాప్‌లో తెలియని నంబరు నుంచి "ఆర్టీవో చలాన్" అని ఒక ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటుంది. ప్రభుత్వం చలానాలను ఇలా ఫైళ్లుగా పంపదని, నొక్కితే ఫోన్ మొత్తం వాళ్ల చేతికి పోతుందని సైబర్ పోలీసులు చెబుతూనే ఉంటారు. వాళ్లు చెప్పేవి అన్నీ వింటూ కూర్చుంటే మనం గీత ఎప్పుడు దాటుతాం?

ఇన్‌స్టాల్ చేయండి. అడిగిన పర్మిషన్లన్నీ ఇవ్వండి. మెసేజ్‌లు చదవనిమ్మంటుంది, ఇవ్వండి. అసలు మెసేజ్‌లు మీరు చదవడం లేదు కదా, వాళ్లయినా చదవనివ్వండి. మావాడి 14,265 రూపాయల బాకీని సగానికి సెటిల్ చేస్తామన్నారు. సంబరంగా ఓటీపీ కొట్టాడు. తెల్లారేసరికి ఖాతాలో మిగిలింది 62 రూపాయలు. ఇంత జరిగినా వెబ్‌సైట్‌లో చలానాలు అలాగే ఉన్నాయి. అంటే రాయితీ హక్కు ఎక్కడికీ పోలేదు.

వెంటనే 1930కి ఫోన్ చేస్తే, డబ్బు చేతులు మారకముందే బ్యాంకులో ఆపే అవకాశం ఉంటుందంటారు. మీరు రెండు రోజులు ఆగండి. ముందు చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పుకోండి. అదే ఫైలు వాళ్లకు కూడా పంపి "ఇదేనా మీకూ వచ్చింది?" అని అడగండి. మా చిన్నత్త నొక్కింది.

9. కోర్టుకు ఎక్కండి, కానీ వాయిదాకు పోకండి.

చలానా తప్పు అనిపిస్తే కోర్టులో తేల్చుకునే హక్కు ఎవరికైనా ఉంది. లోక్ అదాలత్‌లో రాజీకి పోతే ఒక్క పూటలో తేలిపోతుందంటారు. ఒక్క పూటలో తేలిపోయే దాని కోసం కోర్టు దాకా ఎందుకు? పెద్ద వకీలును పెట్టుకోండి. 1,035 రూపాయల గీత కోసం 8,000 ఫీజు ఇవ్వండి. ఇంత ఇచ్చాక మీరు కూడా పోవడం ఎందుకు? వాయిదా రోజున ఇంట్లో పడుకోండి. సమన్లు వస్తే పాత అడ్రసుకు పోతాయి, మొదటి చిట్కాలోనే ఆ ఏర్పాటు చేసుకున్నారు. సమన్ల తర్వాత వారంట్ వస్తుంది. దానికి మాత్రం అడ్రసు దొరుకుతుంది. ఎలా దొరుకుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184 సెక్షన్ కింద ప్రమాదకరంగా నడపడంలో ఎదురు దారిన పోవడమూ, అడ్డదిడ్డంగా ఓవర్‌టేక్ చేయడమూ చేరాయి. మొదటిసారి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. చూశారా, మూడేళ్ల గడువు పెట్టారు. నాలుగో ఏడు దాకా నిదానంగా నడిపితే రెండోసారి లెక్కలోకి రాదు. మనవాళ్లు మూడు వారాలు ఆగరు. మా బామ్మర్ది మూడు రోజులు ఆగాడు, ఆమాత్రం నిగ్రహం కూడా అరుదే.

10. చిలుకూరు బాలాజీకి మొక్కుకోండి.

వీసాకు పదకొండు ప్రదక్షిణలు, పని అయ్యాక నూట ఎనిమిది. హుండీ లేని గుడి, కాబట్టి ఖర్చు లేదు. చలానా మాఫీకి కూడా పదకొండు తిరగండి. అయితే మొయినాబాద్ వైపు నుంచి గుడికి పోయేటప్పుడు తొందరలో ఉంటాం, కోరిక పెద్దది, శుక్రవారం రద్దీ. కాబట్టి రాంగ్ రూట్‌లో పొండి, బండి ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ అడ్డంగా పెట్టండి. మా అక్క కారులో నేనూ మావాడూ అలాగే పోయాం. ఏడో ప్రదక్షిణలో అక్క ఫోన్ టింగుమంది. మావాడు ఆగలేదు. పదకొండూ పూర్తి చేశాడు, పన్నెండోది ఈ కొత్త చలానా కోసం తిరిగాడు. ఆ భక్తి చూసి నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

11. లైసెన్సు పోతే నడవండి.

ఇక్కడిదాకా శ్రద్ధగా వస్తే లైసెన్సు సస్పెండ్ అవుతుంది. భయపడకండి. నడకకు లైసెన్సు అడగరు, ఇన్సూరెన్స్ అడగరు. నడకకు మన ప్రాంతంలో పెద్ద చరిత్రే ఉంది. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచే పాదయాత్ర మొదలుపెట్టి ఇచ్ఛాపురం దాకా నడిచారు, మరుసటి ఏడాది ముఖ్యమంత్రి అయ్యారు. చేవెళ్ల దారిలో అటూ ఇటూ పాత మర్రిచెట్లు, వందల కొద్దీ ఉన్నాయి. బండి మీద పోయినన్నాళ్లూ మావాడు వాటిని ఒక్కసారి తలెత్తి చూడలేదు. ఓవర్‌టేక్ చేసేటప్పుడు అడ్డమొస్తున్నాయని తిట్టేవాడు.

ఇప్పుడు పొద్దున ఆరున్నరకే ఇంట్లోంచి బయలుదేరుతున్నాడు. బస్టాపు దాకా నడక, బస్సు దిగాక మళ్లీ నడక. గచ్చిబౌలి ఆఫీసు తొమ్మిదికి. మొదటి నెల పదకొండు రోజులు ఆలస్యమైందట. ఆఫీసువాళ్లు ఒక మెయిల్ పెట్టారు. దాన్ని కూడా తెరవవద్దని చెప్పాను.

రోడ్డు దాటేటప్పుడు జీబ్రా గీతల దాకా పోవద్దు. ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ డివైడర్ ఎక్కి దూకేయాలి. మోకాలు కొట్టుకుపోతే మూడు రోజులు పసుపు పెట్టుకోవాలి.

ఇక ఒక చిన్న సాయం కోరుతున్నాను. సోమవారం పొద్దున మావాడికి కోర్టు పని ఉంది. ఇన్ని వాయిదాల్లో పోతానని వాడు పట్టుబట్టింది ఇదొక్కటే. మీలో ఎవరైనా ఆ వేళకు మోకిల మీదుగా పోతుంటే కొంచెం ఎక్కించుకోండి. శంకర్‌పల్లి వైపు పోయే దారిలో కాదు, అవతలి పక్క నిలబడి ఉంటాడు. చేతిలో ఎక్స్‌రే కవరు ఉంటుంది, గుర్తుపట్టొచ్చు. యూటర్న్ దాకా పోయి రావద్దు. డివైడర్ మధ్యలో ఒక సందు ఉంది, అందులోంచి తిప్పేయండి.